పేరుకే డైరెక్టరుని, రాజీనామా చేస్తే బయటపడతానా?

ప్రశ్న పొడవుగా ఉంది కాబట్టి మిగతావాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. ఈవిడది పాలకొల్లు. భర్త ప్రభుత్వ ఉపాధ్యాయుడు. 2019లో బావగారు, అంటే భర్త అన్నగారు, భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీ పెట్టారు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి కనీసం ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి. తమ్ముడు ప్రభుత్వోద్యోగి కనక మరదలి పేరు వేశారు. ఆవిడకి జీతం లేదు, ఆఫీసుకి వెళ్లే పని లేదు. ఇంటికి తెచ్చిన కాగితాల మీద సంతకాలు పెట్టారు. ఒకసారి బ్యాంకుకి వెళ్లి బొత్తి మొత్తం మీద పెట్టారు. సంతకం చేసిన ఖాళీ చెక్కులు కొన్ని బావగారి దగ్గరే ఉన్నాయి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరాక ఎగుమతి ఆర్డర్లు పడిపోయి బ్యాంకు ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అయింది. 2022-23 తర్వాత లెక్కలు దాఖలు చేయలేదని రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ నుంచి నోటీసు వచ్చింది. ఊళ్లో వడ్డీకి డబ్బిచ్చినవాళ్లు ప్రామిసరీ నోట్లు పట్టుకుని ఇంటికి వస్తున్నారు. 'ఒక పేజీ రాజీనామా ఉత్తరం ఇస్తే నాకేం సంబంధం ఉండదు కదా?' అన్నది ప్రశ్న.

సంబంధం ఉంటుందమ్మా. రాజీనామా వల్ల పోయేది డైరెక్టరు పదవి ఒక్కటే, అదీ ఆ రోజు నుంచి ముందుకి. మీరు డైరెక్టరుగా ఉన్న రోజుల్లో జరిగిన తప్పులకు రాజీనామా తర్వాత కూడా జవాబుదారీ ఉంటుందని కంపెనీల చట్టం 168వ సెక్షనులోనే రాసి ఉంది. అసలు మీకు పెద్ద ప్రమాదం ఆ పదవి వల్ల కాదు. బ్యాంకులో హామీదారుగా పెట్టిన సంతకాలు, చెక్కుల మీద పెట్టినవి, ప్రామిసరీ నోట్ల మీద పెట్టినవి, ఇవన్నీ వేర్వేరు చట్టాల కిందికి వస్తాయి. వాటిలో ఒక్కటి కూడా రాజీనామా ఉత్తరంతో పోదు. కాబట్టి ముందు చేయాల్సింది ఉత్తరం రాయడం కాదు, ఎక్కడెక్కడ ఏ హోదాలో సంతకం పెట్టారో తేల్చుకోవడం.

అది తేల్చుకోవడానికి బావగారిని అడగక్కర్లేదు, ఆయన చెప్పేదాకా ఆగక్కర్లేదు కూడా. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కంపెనీ పేరు కొట్టి 100 రూపాయలు కడితే ఆ కంపెనీ ఇంతవరకు వేసిన పత్రాలన్నీ చూడొచ్చు, దింపుకోవచ్చు. అందులో చార్జీల నమోదు అని ఉంటుంది, ఏ బ్యాంకు ఎంత అప్పు ఇచ్చింది, ఏం తాకట్టు పెట్టారు అన్నది. ఆ ఫారానికి జతచేసిన కాగితాల్లో చాలాసార్లు శాంక్షన్ లెటరు (అప్పు మంజూరు ఉత్తరం) కూడా ఉంటుంది. హామీదారుల పేర్లు అక్కడ కనిపిస్తాయి. తర్వాత మీ పేరున సిబిల్ రిపోర్టు తీయండి, ఏడాదికి ఒకటి ఉచితం. హామీదారుగా మీరున్న అప్పు అందులో పడుతుంది. మూడోది, మీ పేరున ఉన్న ప్రతి ఆస్తికీ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి ఈసీ, అంటే ఆస్తి మీద తాకట్టులేమైనా నమోదయ్యాయో చూపే పత్రం. పుట్టింటివారు పసుపు కుంకుమ కింద రాజోలు వైపు కొబ్బరితోట ఇచ్చారని రాశారు కదా, దాని దస్తావేజు ఇప్పుడు ఇంట్లో బీరువాలో ఉందా అన్నది ఈ పూటే చూసుకోండి. 'బ్యాంకువాళ్లు చూసి ఇస్తామన్నారు' అని పట్టుకెళ్లిన దస్తావేజు తాకట్టులో ఉండటం ఈ జిల్లాలో కొత్త సంగతి కాదు.

ఇప్పుడు డైరెక్టరు సంగతి. 'పేరుకే డైరెక్టరు' అన్న మాట మన ఇళ్లల్లో ఉంది, చట్టంలో లేదు. 166వ సెక్షను డైరెక్టర్లందరికీ ఒకే బాధ్యత పెట్టింది. కంపెనీ మేలు కోసం నిజాయితీగా పనిచేయాలి, తగినంత శ్రద్ధ పెట్టాలి, సొంత లాభం కంపెనీ లాభానికి అడ్డు రానీయకూడదు, తన పదవిని ఇంకొకరికి అప్పగించకూడదు. ఆఖరిది మీకు నేరుగా తగిలేది. సంతకాలు మీవి, నిర్ణయాలు బావగారివి అంటే సరిగ్గా అదే. దీన్ని ఉల్లంఘిస్తే లక్ష నుంచి 5 లక్షల దాకా జరిమానా.

అలాగని కంపెనీ చేసిన ప్రతి తప్పూ మీ మెడకి చుట్టుకోదు. రోజువారీ వ్యవహారం చూడని డైరెక్టరుకి 149వ సెక్షనులో కొంత రక్షణ ఉంది. బోర్డు ద్వారా ఆమెకి తెలిసి, ఆమె ఒప్పుకోలుతో జరిగినదానికో, శ్రద్ధ పెట్టకపోవడం వల్ల జరిగినదానికో మాత్రమే బాధ్యత. కానీ ఆ రక్షణ ప్రమోటర్లకి, అంటే కంపెనీ పెట్టినవాళ్లకి లేదు. కంపెనీ పెట్టినప్పుడు మెమోరాండం మీద చందాదారుగా సంతకం పెట్టి ఉంటారు, తర్వాత వార్షిక రిటర్నులో మీ పేరు ప్రమోటరు అని రాసి ఉండొచ్చు. ఇందాక చెప్పిన 100 రూపాయల పత్రాల్లో అదీ చూడండి.

రెండో చిక్కు మినిట్స్ పుస్తకం, బోర్డు మీటింగుల్లో ఏం తీర్మానించారో రాసేది. కుటుంబ కంపెనీల మినిట్స్ ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఏడాదంతా మీటింగే ఉండదు. ఆడిటరు అడిగినప్పుడు ఒక్క రోజున అన్ని మీటింగులూ టైపు చేసి, ఇద్దరు డైరెక్టర్లూ హాజరైనట్టు రాసి, ఒకే పెన్నుతో సంతకాలు పెట్టిస్తారు. ఆ హాజరు పట్టీలో మీ సంతకం ఉందంటే, ఆ రోజు ఆమోదించిన ప్రతి తీర్మానం మీకు తెలిసే జరిగినట్టు లెక్క. మీరు ఆ రోజు పాలకొల్లులో పిల్లల పేరెంట్ మీటింగులో ఉన్నారన్నది ఎవరికీ పట్టదు. డైరెక్టరు ఒక తప్పుని మినిట్స్ ద్వారా తెలుసుకుని అభ్యంతరం చెప్పకపోతే 'తప్పు చేసిన అధికారి' నిర్వచనంలోకి వస్తారని 2వ సెక్షను 60వ క్లాజు చెప్తుంది. అభ్యంతరం చెప్పినవారు బయట ఉంటారు. కనక ఇప్పటికైనా అభ్యంతరం రాతపూర్వకంగా ఉండాలి, అదీ తేదీ పడే మార్గంలో, ఈమెయిలు గానీ రిజిస్టర్డ్ పోస్టు గానీ. వాట్సాప్‌లో 'బావగారూ ఒకసారి చూడండి' అన్నది అభ్యంతరం కిందికి రాదు.

తెలియదు అన్నంత మాత్రాన సరిపోతుందా అంటే, మన జిల్లా మూలాలున్న సత్యం కంప్యూటర్స్ వ్యవహారం గుర్తు చేసుకోండి. 2008 డిసెంబరులో ఆ బోర్డు మేటాస్ కంపెనీల్ని కొనడానికి ఒప్పుకున్నప్పుడు ఆ గదిలో పెద్ద చదువులు, పెద్ద పేర్లు ఉన్నవాళ్లే కూర్చున్నారు. మూడు వారాలు తిరిగేసరికి, 2009 జనవరి 7న, లెక్కలు దొంగవన్న అసలు సంగతి బయటపడింది. 2013లో వచ్చిన కంపెనీల చట్టం డైరెక్టర్ల మీద ఇంత పట్టుగా ఉండటానికి ఆ చేదు ఒక కారణం.

నోటీసు విషయానికి వద్దాం. ప్రతి ఏడాదీ సెప్టెంబరు 30లోపు వాటాదారుల వార్షిక సమావేశం జరగాలి. అది జరిగిన 30 రోజుల్లో లెక్కలు ఏఓసీ-4 ఫారంలో, 60 రోజుల్లో వార్షిక రిటర్ను ఎంజీటీ-7 లేదా 7ఎ లో వేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకి 100 రూపాయలు, దానికి పైపరిమితి లేదు. ఒక ఫారం ఏడాది ఆలస్యమైతే 36,500. రెండు ఫారాలు, రెండేళ్లు అని లెక్కేసుకోండి, తర్వాతి ఏడాది గడవకముందే చెయ్యడం ఎందుకు మంచిదో తెలుస్తుంది. ఇది కాక రిజిస్ట్రారు విడిగా పెనాల్టీ వేయొచ్చు, డైరెక్టరు మీద ఒక్కో తప్పుకి గరిష్ఠంగా 50,000 దాకా, అది డైరెక్టరే సొంత డబ్బుతో కట్టాలి.

కానీ డబ్బు కన్నా ముఖ్యమైనది మూడో ఏడాది. వరసగా మూడు ఆర్థిక సంవత్సరాలు దాఖలు చేయని కంపెనీ డైరెక్టర్లు 164వ సెక్షను కింద ఐదేళ్లు అనర్హులవుతారు. వేరే ఏ కంపెనీలోనూ డైరెక్టరుగా ఉండలేరు. 2017లో కేంద్రం రెండు లక్షలకు పైగా కంపెనీల పేర్లు కొట్టేసి, మూడు లక్షల మంది దాకా డైరెక్టర్లని ఇలా అనర్హుల్ని చేసినప్పుడు మన వైపు ఎంతమంది గృహిణులకి తాము డైరెక్టర్లమన్న సంగతి మొదటిసారి ఆ జాబితాలోనే తెలిసిందో! మీకు 2023-24, 2024-25 రెండు పోయాయి. మూడోది ఇంకా చేతిలో ఉంటే దాన్ని పోనివ్వొద్దు. 2018లో ఈ అనర్హత విషయంలో, 2020లో ఆలస్య రుసుముల్లో కేంద్రం వెసులుబాటు పథకాలు ఇచ్చింది. అలాంటిది ఇప్పుడేదైనా నడుస్తోందా అని కట్టేముందు కనుక్కోండి.

ఇక అసలు టెన్షన్ పడాల్సిన విషయం, ఊళ్లో నోట్లు. మీ ప్రశ్నలో దీన్ని ఆఖర్న రెండు వాక్యాల్లో తేల్చేశారు. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా పెద్దది.

గోదావరి డెల్టాలో వ్యాపారానికి పెట్టుబడి అంటే సగం బ్యాంకు, సగం ఊరు. రిటైరైన మాస్టారి గ్రాట్యుటీ, గల్ఫ్ నుంచి వచ్చిన ఆడవాళ్ల కష్టార్జితం, పొలం అమ్మిన డబ్బు, అన్నీ నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు మీద వచ్చేస్తాయి. మనిషి ఇంకో మనిషి దగ్గర ఇలా అప్పు తీసుకుంటే అది మామూలు బాకీ. అదే డబ్బు కంపెనీ తీసుకుంటే దాని పేరు డిపాజిట్. ప్రైవేట్ కంపెనీ బయటి జనం దగ్గర డిపాజిట్లు తీసుకోవడానికి వీల్లేదు, అంతే. తన వాటాదారుల దగ్గర కొన్ని షరతులతో తీసుకోవచ్చు. డైరెక్టరు దగ్గర, డైరెక్టరు బంధువు దగ్గర తీసుకోవచ్చు, కానీ 'ఈ డబ్బు నేను ఇంకొకరి దగ్గర అప్పు తెచ్చింది కాదు' అని వాళ్లు రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఇక్కడ బంధువు అంటే మన లెక్క వేరు, చట్టం లెక్క వేరు. చట్టం జాబితాలో భర్త లేదా భార్య, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఉమ్మడి హిందూ కుటుంబ సభ్యులు ఉన్నారు. మేనమామ లేడు. పెళ్లిలో బుట్టలో కూర్చోబెట్టి తెచ్చే మేనమామ, కంపెనీల చట్టం దృష్టిలో బయటివాడే. బాబాయి, మేనత్త, వియ్యంకుడు, బావమరిది వీళ్లంతా బయటే. మీ నాన్నగారు కంపెనీకి డబ్బిచ్చి ఉంటే, మీరు డైరెక్టరు కాబట్టి, ఆ కాగితం తీసుకుని ఉంటే ఫర్వాలేదు. మీ మేనమామ ఇచ్చి ఉంటే అది డిపాజిటే.

దీనికి శిక్ష ఎంతుందో చూస్తే ఎందుకింత చెప్తున్నానో తెలుస్తుంది. 76ఎ సెక్షను కింద తప్పు చేసిన అధికారికి ఏడేళ్ల దాకా జైలు, 25 లక్షల నుంచి 2 కోట్ల దాకా జరిమానా. కంపెనీ మీద విడిగా ఉంటుంది. ఇంతేకాదు, మన రాష్ట్రంలో 1999 నుంచి డిపాజిటర్ల రక్షణ చట్టం ఉంది, 2019లో అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం వచ్చింది. ఈ రెండిటి కిందా ఆస్తుల జప్తు ఉంటుంది. అగ్రిగోల్డ్ చూశాక మన వైపు ఏ ఊళ్లో అయినా పదిమంది కలిసి స్టేషనుకి వెళ్లి 'డిపాజిట్' అన్నారంటే పోలీసులు ఇది సివిల్ తగాదా అని పంపించేయరు.

కాబట్టి ప్రతి నోటు ఎలా రాశారో చూడాలి. బజారులో దొరికే అచ్చు ఫారం, కింద రెవెన్యూ స్టాంపు, స్టాంపు మీద అడ్డంగా సంతకం. ఆ సంతకం కింద కంపెనీ రబ్బరు ముద్ర, 'డైరెక్టరు' అన్న మాట ఉన్నాయా? ఉంటే అది కంపెనీ అప్పు, అంటే డిపాజిట్ గొడవ. లేకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 28వ సెక్షను ప్రకారం, తాను ఇంకొకరి తరఫున పెడుతున్నానని చెప్పకుండా సంతకం పెట్టినవాళ్లే సొంతంగా బాకీదారు. ముందు నుయ్యి వెనక గొయ్యి. మీరు ఎన్ని నోట్ల మీద పెట్టారో, ముద్ర ఉందో లేదో గుర్తుచేసుకుని రాసి పెట్టుకోండి. వచ్చినవాళ్లని మర్యాదగా కూర్చోబెట్టి, నోటు ఫోటో తీసుకుంటామని అడిగితే చాలామంది ఇస్తారు.

ఇందులో ఇంకో రకం ఉంది. ఊళ్లో డబ్బు బావగారి సొంత ఖాతాలో పడి, అక్కడి నుంచి 'డైరెక్టరు అప్పు'గా కంపెనీకి వెళ్లి ఉండొచ్చు. చూడటానికి అంతా సవ్యంగా ఉంటుంది, అప్పు తెచ్చిన డబ్బు కాదన్న డిక్లరేషను దగ్గరికి వచ్చేదాకా. అది అబద్ధమైతే తప్పుడు ప్రకటన, 448వ సెక్షను, అక్కడి నుంచి మోసం కింద 447. తీసుకున్న డిపాజిట్లు, అప్పుల గురించి ఏటా జూన్ 30లోపు కంపెనీ వేసే డీపీటీ-3 ఫారం తీసి చూడండి, ఏం రాశారో తెలుస్తుంది. అందులో సున్నా చూపించి బ్యాలెన్స్ షీటులో 'అన్‌సెక్యూర్డ్ లోన్స్' (తాకట్టు లేని అప్పులు) కింద కోట్లు చూపించిన కంపెనీలు నేను చూశాను.

రొయ్యలు తోలిన రైతుల బాకీ మాత్రం వేరు. సరుకు కొని డబ్బు ఆలస్యం చేయడం డిపాజిట్ కాదు, వ్యాపార బాకీ. కానీ 'ఆ డబ్బు మా దగ్గరే ఉంచండి, వడ్డీ ఇస్తాం' అని బాకీని నోటుగా మార్చి రాసిచ్చి ఉంటే అది డిపాజిటే అన్న వాదన వస్తుంది. ఉండి, ఆకివీడు వైపు చెరువుల రైతులతో ఇలాంటి సర్దుబాట్లు ఎక్కువ. మీ కంపెనీలో అవి ఉన్నాయేమో చూసుకోండి.

మీరు ఇప్పుడు చేయకూడనిది ఒకటుంది. నోటు కాలపరిమితి మూడేళ్లు. అది దగ్గరపడిన కొద్దీ జనం 'నోటు తిరగరాయండి' అనో, 'ఒక వెయ్యి కట్టి చెల్లు వేయండి' అనో వస్తారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల డబ్బుకి వాళ్ల జాగ్రత్త. కానీ మీరు తిరగరాసినా, చెల్లు మీద సంతకం పెట్టినా ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు, ఈసారి కంపెనీ తీర్చలేదని తెలిసి పెట్టిన సంతకం. దివాలా చట్టం 66వ సెక్షను ఇలాంటి చోటే వస్తుంది. మునిగిపోతుందని తెలిసీ కొత్త అప్పులు పెంచిన డైరెక్టరు నుంచి ఆ నష్టం సొంతంగా రాబట్టమని ట్రిబ్యునల్ ఆదేశించగలదు. వాళ్లకి తీర్చే దారి బావగారు కంపెనీ తరఫున రాతలో పెట్టాలి. మీ చేతి మీదుగా కొత్త కాగితం పుట్టకూడదు.

చెక్కుల సంగతి. కంపెనీ చెక్కు బౌన్సయితే అదే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138, 141 సెక్షన్ల కింద కంపెనీతో పాటు, ఆ సమయంలో వ్యాపారం నడిపించే బాధ్యతలో ఉన్నవాళ్లు కూడా నిందితులు. ఊరికే డైరెక్టరు అయినంత మాత్రాన సరిపోదు, అతను ఏ విధంగా బాధ్యుడో ఫిర్యాదులో చెప్పాలి అని 2005లో ఎస్.ఎం.ఎస్. ఫార్మా కేసులో సుప్రీంకోర్టు అంది. అదే తీర్పులో, చెక్కు మీద సంతకం పెట్టినవాళ్లు మాత్రం బాధ్యులే అని కూడా అంది. మీరు పెట్టారు. ఖాళీ చెక్కు కదా, మొత్తం నేను రాయలేదు కదా అనకండి. సంతకం పెట్టి ఇష్టపూర్వకంగా ఇచ్చిన ఖాళీ చెక్కుకీ అదే వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. శిక్ష రెండేళ్ల దాకా, జరిమానా చెక్కు మొత్తానికి రెండింతల దాకా.

అందుకని ఇది వాయిదా వేయొద్దు. మిగిలిన చెక్కుల నంబర్లు రాసుకుని వాటిని వెనక్కి ఇవ్వమని బావగారికి రాతపూర్వకంగా అడగండి, కాపీ బ్యాంకుకి. ఆ ఖాతాలో సంతకందారుగా మీ పేరు తీసేయమని బ్యాంకుకి విడిగా లేఖ, అక్‌నాలెడ్జ్‌మెంట్ ముద్ర తీసుకోండి. ఇప్పటికే బయటికి వెళ్లిన చెక్కుకి 'స్టాప్ పేమెంట్' పెట్టినంత మాత్రాన కేసు తప్పదు, అది గుర్తుంచుకోండి. లీగల్ నోటీసు వస్తే తీసుకోకుండా వెనక్కి పంపొద్దు. అందిన 15 రోజుల్లో డబ్బు కట్టే అవకాశం మీకు చట్టమే ఇస్తుంది, నోటీసు తిప్పి పంపితే ఆ 15 రోజులు మీకు తెలియకుండానే గడిచిపోతాయి.

బ్యాంకు. మీరు అక్కడ పెట్టిన 'చాలా సంతకాల్లో' వ్యక్తిగత హామీ పత్రం ఉందనే నేను అనుకుంటున్నాను. డైరెక్టర్ల హామీ లేకుండా మన వైపు ఏ బ్యాంకూ ప్రాసెసింగ్ యూనిట్‌కి వర్కింగ్ కేపిటల్ ఇవ్వదు. హామీదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం, కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను. ముందు కంపెనీ ఆస్తి అమ్ముకుని తర్వాత నా దగ్గరికి రండి అనే హక్కు మామూలుగా ఉండదు. డైరెక్టరు పదవి వదిలేస్తే ఇది పోదు, ఎందుకంటే ఇది మీకూ బ్యాంకుకీ మధ్య వేరే ఒప్పందం. కొనసాగే హామీని నోటీసిచ్చి రద్దు చేసుకోవచ్చు కానీ అది ఇకమీద ఇచ్చే అప్పులకే, ఇచ్చేసిన వాటికి కాదు. అయినా ఆ నోటీసు ఇచ్చేయండి. ఖాతాని రీస్ట్రక్చర్ చేసి కొత్త లిమిట్ ఇస్తామని బ్యాంకు పిలిస్తే మళ్లీ మీ సంతకం అడుగుతారు. అక్కడ ఆగడం మీ చేతిలో ఉంది.

కొబ్బరితోట తాకట్టులో ఉంటే ఒక చిన్న ఊరట. కోర్టుకి వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని తీసుకునే అధికారం బ్యాంకుకి ఇచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, 31వ సెక్షను. బ్యాంకు 60 రోజుల నోటీసిచ్చి నేరుగా స్వాధీనం చేసుకోలేదు. కాగితం మీద వ్యవసాయ భూమి అని ఉంటే చాలదు, నిజంగా సాగులో ఉండాలి. తోట కాపు, నీటితీరువా రసీదులు, పాస్‌బుక్కు దగ్గర పెట్టుకోండి. చెరువు తవ్వేసిన భూమి అయితే ఈ వాదన అంత తేలిక కాదు. అలాగని తోట క్షేమం అనుకోకండి, బ్యాంకు విశాఖపట్నంలోని డీఆర్‌టీకి (బ్యాంకు బాకీల వసూలు ట్రిబ్యునల్) వెళ్లి రాబట్టుకోవచ్చు. పాలకొల్లు ఇల్లు తాకట్టులో ఉంటే మాత్రం సర్ఫేసీ పూర్తిగా వర్తిస్తుంది. 60 రోజుల నోటీసుకి అభ్యంతరం రాస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. స్వాధీనం మొదలైతే డీఆర్‌టీకి వెళ్లడానికి 45 రోజులు. మీరు కట్టాల్సి వస్తే ఆ డబ్బు కంపెనీ దగ్గర రాబట్టుకునే హక్కు, బావగారు కూడా హామీదారే అయితే ఆయన వాటా ఆయన దగ్గర అడిగే హక్కు మీకున్నాయి. కుటుంబంలో ఆ హక్కు ఎంతవరకు పనికొస్తుందో మీకే తెలియాలి.

జీఎస్టీ, పీఎఫ్ గురించి ఎక్కువ చెప్పను. ప్రైవేట్ కంపెనీ జీఎస్టీ బాకీ కంపెనీ దగ్గర రాకపోతే ఆ కాలంలో డైరెక్టర్లయిన వాళ్ల దగ్గర వసూలు చేయొచ్చు, తన నిర్లక్ష్యం వల్ల కాదని డైరెక్టరు నిరూపించుకోవాలి. ఆదాయపు పన్నులోనూ అలాంటి నిబంధనే ఉంది. పీలింగ్ షెడ్డులో పనిచేసే ఆడవాళ్ల జీతంలో పీఎఫ్ కోసి కట్టకపోయి ఉంటే అది నేరం కిందే వస్తుంది, దాన్ని అన్నిటికన్నా ముందు కట్టించండి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతుల గడువు కూడా చూడండి. తుందుర్రు ఆక్వా ఫుడ్ పార్కు గొడవ తర్వాత రొయ్యల ప్లాంటు నీరు ఏ కాలువలో కలుస్తోందన్నది ఈ ప్రాంతంలో ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

ఒకటి మాత్రం మర్చిపోయేలా ఉన్నారు, మీ డిజిటల్ సంతకం. పెన్‌డ్రైవ్‌లా ఉండే టోకెన్ అది. ఎప్పుడైనా చేతిలో చూశారా? చాలా కంపెనీల్లో అది అకౌంటెంటు డ్రాయరులో ఉంటుంది, రబ్బరు బ్యాండుతో పది టోకెన్లు కలిపి కట్టి, ఒక్కోదాని మీద పేరు రాసిన చీటీ, చీటీ వెనక పాస్‌వర్డు. దానితో వేసిన ప్రతి ఫారం మీరు సంతకం పెట్టినట్టే. సమాచార సాంకేతిక చట్టం 42వ సెక్షను ప్రకారం దాన్ని జాగ్రత్తగా ఉంచుకోవాల్సింది మీరు, చేయి దాటిందని తెలిస్తే వెంటనే జారీ చేసిన సంస్థకి చెప్పాల్సింది మీరు. ఇవాళే వెనక్కి తెచ్చుకోండి, ఇవ్వకపోతే రద్దు చేయించి కొత్తది తీసుకోండి. రాజీనామాకి కూడా అది కావాలి.

రాజీనామా చేయొద్దని నేననడం లేదు. చేయండి, కానీ వరస తప్పొద్దు. నోటీసుకి జవాబు గడువు నోటీసులోనే ఉంటుంది, దాన్ని ముందు చూడండి. బకాయి పడ్డ రెండేళ్ల లెక్కలు ఆడిట్ చేయించి దాఖలు చేయమని బావగారికి రాతపూర్వకంగా అడగండి, వాటి మీద సంతకం పెట్టేముందు అంకెలు చదవండి, అన్‌సెక్యూర్డ్ లోన్స్ షెడ్యూలు తప్పకుండా. డిపాజిట్ల మీద మీ అభ్యంతరం అదే లేఖలో ఉండాలి. చెక్కులు, బ్యాంకు సంతకం, హామీ రద్దు నోటీసు అయ్యాక రాజీనామా. ఆయన కదలకపోతే మాత్రం మూడో ఏడాది గడువు దాటేదాకా కూర్చోకండి, అభ్యంతరం రాసేసి వెంటనే రాజీనామా ఇచ్చేయండి.

రాజీనామా అమల్లోకి వచ్చేది కంపెనీకి అందిన రోజు, లేదా మీరు అందులో రాసిన తేదీ, ఏది తర్వాతయితే అది. వెనక తేదీ వేయడం కుదరదు, ఎవరైనా వేసిస్తామంటే వినకండి. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకి అక్‌నాలెడ్జ్‌మెంట్‌తో పోస్టు, ఈమెయిలు రెండూ చేయండి. 30 రోజుల్లో కంపెనీ మీ రాజీనామాని రిజిస్ట్రారుకి తెలుపుతూ డీఐఆర్-12 ఫారం వేయాలి. మీరు పోతే ఒక్కరే డైరెక్టరు మిగులుతారు కనక వాళ్లు దాన్ని వేయకుండా నానుస్తారు. అందుకే మీరు సొంతంగా డీఐఆర్-11 వేసుకోండి, అది మీ దగ్గర ఆధారంగా ఉంటుంది. పోర్టల్‌లో పేరు పోవడానికి ఆ డీఐఆర్-12 కావాల్సిందే, అందుకోసం గుర్తుచేస్తూ రిజిస్ట్రారుకి లేఖ రాయొచ్చు. మన రాష్ట్ర రిజిస్ట్రారు కార్యాలయం విజయవాడలోనే. మీ డిన్ (డైరెక్టరు గుర్తింపు సంఖ్య) కేవైసీ లేక ఆగిపోయి ఉంటే ఏ ఫారమూ ముందుకి కదలదు, 5,000 రూపాయల రుసుముతో ముందు దాన్ని తెరిపించుకోవాలి. మీ పేరున వాటాలుంటే వాటి సంగతి విడిగా తేల్చాలి, డైరెక్టరు పదవి పోయినా వాటాదారుగా మీరు ఉంటూనే ఉంటారు. వాటాకి పూర్తి డబ్బు కట్టి ఉంటే వాటాదారుగా ఇంకేమీ బాధ్యత లేదు కాబట్టి దానికి తొందరలేదు.

బావగారితో ముఖం చెడుతుందనే భయం మీ ప్రశ్నలో ప్రతి లైనులోనూ కనపడుతోంది. లేఖలు మర్యాదగానే రాయొచ్చు, 'గౌరవనీయులైన బావగారికి' అని మొదలుపెట్టినా చెల్లుతుంది. కావాల్సింది తేదీ, విషయం, అందినట్టు ఆధారం. మీ లాయరు, కంపెనీ లాయరు ఒకరే అయితే మాత్రం మీరు ఇంకొకరిని చూసుకోవాలి. ఇక్కడి నుంచి మీ ప్రయోజనం, కంపెనీ ప్రయోజనం వేరు. శాంక్షన్ లెటరు, సిబిల్ రిపోర్టు, ఈసీ, నోట్ల ఫోటోలు, రిజిస్ట్రారు నోటీసు తీసుకుని వెళ్తే ఆయనైనా, కంపెనీ సెక్రటరీ అయినా ఒక్క పూటలో మీ బాధ్యత ఎంతో అంకె చెప్పగలరు. నోటీసు తేదీ, హామీ పత్రంలో రాసిన మొత్తం ఇక్కడ రాస్తే జవాబు ముసాయిదా ఎలా ఉండాలో నేను చెప్తాను. పేర్లు మాత్రం రాయకండి.